నాన్న డబ్బంతా పిత్రార్జితమేనా? హెచ్‌యూఎఫ్ రిటర్న్ రెండు చోట్ల వేయించుకున్నాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. మొదటిది ఫోన్‌లో వేసుకునే ఒక ట్యాక్స్ యాప్, ప్యాకేజీ 2,499 రూపాయలు. రెండోది గుంటూరు బ్రాడీపేటలో ఒక పెద్దాయన ఆడిట్ ఆఫీసు, ఫీజు 6,000. మొదటిదానికి ఒక స్టార్, అదైనా రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టినా బదులిచ్చారు కాబట్టి. రెండోదానికి నాలుగు. ఐదోది ఎందుకు కోశానో చివర్లో చెప్తా.

హెచ్‌యూఎఫ్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు. హిందూ అవిభక్త కుటుంబం. ఆదాయపు పన్ను లెక్కలో మనిషి వేరు, కుటుంబం వేరు. కుటుంబానికి సొంత పాన్, సొంత బ్యాంకు ఖాతా, సొంత రిటర్న్. పాన్ నంబరులో నాలుగో అక్షరం చూడండి, మనిషిదైతే 'పి' ఉంటుంది, ఉమ్మడి కుటుంబానిదైతే 'హెచ్' ఉంటుంది. మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి, తలనొప్పంతా అక్కడే.

మాది తెనాలి. 1984లో తాతయ్య ఆస్తిని నాన్న, బాబాయి పంచుకున్నారు. నాన్న వాటాకు వచ్చిన రొక్కంతో ఇనుప సామాన్ల దుకాణం పెట్టారు. మొదట్లో మేకులు, బందులు, గొళ్లేలు, తర్వాత మోటార్లు, పైపులు. అప్పటికి అక్కకి నాలుగేళ్లు, నాకు ఏడాది. దుకాణం మొదటి నుంచీ హెచ్‌యూఎఫ్ పేరు మీదే నడిచింది. అది కాక నాన్న ముప్పై ఏళ్లు ఎల్ఐసీ ఏజెంటుగా స్కూటరు మీద కొల్లిపర, దుగ్గిరాల, వేమూరు అన్నీ తిరిగారు, ఆ కమీషన్ ఆయన సొంత ఖాతాలో పడేది. 2022లో నాన్న పోయారు. వీలునామా లేదు. కమీషన్ డబ్బులోంచి దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్లు 18 లక్షలు ఉంటే అమ్మకీ అక్కకీ నాకూ ఆరేసి లక్షలు వచ్చాయి. నా ఆరు లక్షలు నా పేరు మీదే మళ్లీ డిపాజిట్ వేశా.

రిటర్నులు నాన్న కాలం నుంచి వేసిపెడుతున్న గుమాస్తా గారు వయసైపోయి కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. దాంతో 2025 ఆగస్టులో, 2024-25 ఆదాయం రిటర్నులకి, ఈ యాప్. నా రిటర్న్, హెచ్‌యూఎఫ్ రిటర్న్ కలిపి ఒకటే ప్యాకేజీ, చౌకే కదా అనుకున్నా.

ఫోన్ చేసిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, తెలుగులోనే, "సార్ సార్" అంటూ. టర్నోవర్ ఎంత, అందులో బ్యాంకు ద్వారా వచ్చిందెంత, నగదెంత, ఇంకేమైనా ఆదాయం ఉందా, ఇవీ అడిగినవి. 90 లక్షలు అన్నా, 60 బ్యాంకులో, 30 నగదు. "44ఏడీలో వేసేద్దాం సార్, లెక్కలు చూపక్కర్లేదు." డిజిటల్‌గా వచ్చినదాని మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభం అనుకుని పన్ను కట్టే పద్ధతి అది. అంటే 3 లక్షల 60 వేలు, 2 లక్షల 40 వేలు, మొత్తం 6 లక్షలు. నా పుస్తకాల ప్రకారం అసలు లాభం 5 లక్షల 10 వేలే, ఆ మాట చెబితే "చిన్న తేడాయే కదా సార్" అన్నాడు. సరే.

తర్వాత డిపాజిట్ మీద వచ్చిన 42 వేల వడ్డీ సంగతి చెప్పా. "నాన్నగారి నుంచి వచ్చిన డబ్బే కదా సార్, పిత్రార్జితమే, హెచ్‌యూఎఫ్‌లో చూపించేద్దాం, మీ మీద పడదు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ సబబుగానే అనిపించింది. మన వాడుకలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది పిత్రార్జితం కాక ఇంకేమిటి? పైగా "ఏడు లక్షల దాకా ట్యాక్సే లేదు సార్" అని ధీమా ఇచ్చాడు.

తీరా మొత్తం పన్ను చూస్తే 17,784 రూపాయలు. అదేంటయ్యా ఏడు లక్షల దాకా లేదన్నావుగా అంటే లైన్లో ఉండమని ఐదు నిమిషాలు పాట వినిపించి, వచ్చి, ఆ రిబేటు (పన్ను మాఫీ) మనుషులకే, హెచ్‌యూఎఫ్‌కి రాదు సార్ అన్నాడు. అది నిజమే. 87ఏ రిబేటు భారతదేశంలో నివాసం ఉండే వ్యక్తులకు మాత్రమే. 2025-26 ఆదాయానికి 12 లక్షల దాకా పన్ను లేదని అందరం పండగ చేసుకున్నాం చూడండి, అందులోనూ హెచ్‌యూఎఫ్‌కి వాటా లేదు, దానికి కొత్త పద్ధతిలో 4 లక్షలు దాటగానే 5 శాతం మొదలు. హెచ్‌యూఎఫ్ రిటర్నులు అమ్ముకునే సంస్థలో పనిచేసేవాడికి ఇది డబ్బు కట్టే రోజున తెలియడం ఏం బాగుంది?

ఇంకో రెండు సలహాలు కూడా ఇచ్చాడు, దేవుడి దయవల్ల అవి జరగలేదు. కర్త (హెచ్‌యూఎఫ్‌ని నడిపే ఇంటిపెద్ద, అంటే నాన్న) చనిపోయారు కాబట్టి హెచ్‌యూఎఫ్‌కి కొత్త పాన్ తీసుకోమన్నాడు. అమ్మే పెద్ద కాబట్టి అమ్మ పేరు కర్తగా వేయమన్నాడు. అక్కకి పెళ్లయిపోయింది కాబట్టి సభ్యుల్లోంచి తీసేయమన్నాడు. అవునండీ, రెండని మూడు చెప్పా.

రిటర్న్ వేసిన కొన్నాళ్లకు మెయిల్ వచ్చింది. హెచ్‌యూఎఫ్ రిటర్నులో 4,200 టీడీఎస్ (బ్యాంకు వడ్డీలోంచి ముందే కోసుకునే పన్ను) చూపించారు, ఆ పాన్ మీద అలాంటి టీడీఎస్ ఏదీ లేదు, కాబట్టి 4,200, దాని మీద వడ్డీ కట్టండి అని. ఎందుకుంటుంది? డిపాజిట్ నా పేరు మీద, టీడీఎస్ కోసింది నా 'పి' పాన్ మీద, చూపించింది 'హెచ్' పాన్‌లో. యాప్ వాళ్లని అడిగితే నోటీసుకి జవాబు ఇవ్వడం ఈ ప్యాకేజీలో లేదు, ఇంకో 1,999 అన్నారు. అప్పుడు బావ (అక్క వాళ్లాయన) చెప్పారు గుంటూరు ఆడిటర్ గారి గురించి.

రెండో అంతస్తు. లిఫ్ట్ లేదు. మెట్ల పక్కన కూడా ఫైళ్లే. పది గంటలకి రమ్మని పన్నెండింటికి లోపలికి పిలిచారు. ఆయన నా రిటర్న్ కాగితాలు చూడలేదు, నోటీసూ చూడలేదు, కళ్లజోడు పైకి తోసి ఒకటే అడిగారు: "ఆ దుకాణానికి మొదటి రూపాయి ఎక్కడిది?"

నాన్నదండీ అన్నా. "మీ నాన్నగారికి ఎక్కడిది?" తాతగారి పంపకంలో వచ్చిందండీ. "కాగితం ఉందా?"

ఉండాలిగా. ఆ వారమంతా వెతుకుడే. పంపకాల దస్తావేజు, నాన్న పారీఖత్తు అనేవారు, బాబాయి ఇంట్లో ఇనప్పెట్టెలో పసుపు గుడ్డలో చుట్టి దొరికింది. దానికంటే నాకు ముచ్చటేసింది ఇంకోటి, అటక మీద అట్టపెట్టెలో నాన్న మొదటి చిట్టా. ఎర్రగుడ్డ అట్ట, అంచులు పురుగు కొట్టేసింది. మొదటి పేజీ పైన 'శ్రీరామ' అని రాసి, దాని కింద నాన్న గుండ్రటి అక్షరాల్లో 'పంపకం తాలూకు రొక్కం జమ రూ. 38,500'. ఆడిటర్ గారు ఆ లైను కింద వేలు పెట్టి, గుమాస్తా అమ్మాయిని పిలిచి, "ఇది జిరాక్స్ తియ్యమ్మా, ఇదీ వీళ్ల హెచ్‌యూఎఫ్" అన్నారు. నలభై ఏళ్ల నుంచి మా ఇంట్లో ఉన్న ఆ ఒక్క లైను విలువ నాకు ఆ రోజు తెలిసింది.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తా, అరగంట పాఠం అది. ఉమ్మడి ఆస్తి పంపకంలో వచ్చిన వాటా ఆ మనిషికి భార్య, పిల్లలు ఉంటే అతని సొంతం అయిపోదు, అతని చిన్న కుటుంబానికి ఉమ్మడిగానే ఉంటుంది, మగపిల్లాడు లేకపోయినా సరే. ఇది మన ఆంధ్ర నుంచే వెళ్లిన కేసట, ఎన్.వి. నరేంద్రనాథ్ కేసు, 1969లో సుప్రీంకోర్టు తేల్చింది, ఆయనకి అప్పుడు భార్య, ఇద్దరు చిన్న ఆడపిల్లలు. కాబట్టి ఆ 38,500తో పెట్టిన దుకాణం లాభం హెచ్‌యూఎఫ్‌దే, అందులో యాప్ తప్పేమీ లేదు, పొరపాటున కరెక్ట్.

కమీషన్ డబ్బు అలా కాదు. ఇక్కడ చూడాల్సింది ఒకటే, వచ్చిన డబ్బు ఉమ్మడి పెట్టుబడికి ప్రతిఫలమా, మనిషి సొంత కష్టానికి ప్రతిఫలమా. 1970లో రాజ్‌కుమార్ సింగ్ హుకుంచంద్‌జీ కేసులో సుప్రీంకోర్టు ఈ గీతే గీసింది. నాన్న స్కూటరు మీద తిరిగి పాలసీలు కట్టించారు, దుకాణం డబ్బు అందులో పైసా పెట్టలేదు, కాబట్టి ఆ 18 లక్షలు ఆయన స్వార్జితం. స్వార్జితం వీలునామా లేకుండా కొడుక్కి వస్తే? పాత శాస్త్రం ప్రకారం అది కొడుకు చేతిలో పిత్రార్జితమే, అతని పిల్లలకీ పుట్టుకతో హక్కు వచ్చేస్తుంది. 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ వచ్చాక అది మారింది, కొడుకు దాన్ని తన సొంతంగా తీసుకుంటాడు. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, తండ్రి పేరున వ్యాపారంలో నిల్వ ఉన్న 1,85,043 రూపాయల గురించి ఆ తగాదా. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంతకుముందే ఆ మాట చెప్పి ఉంది. అంటే మనం నోటితో అనే పిత్రార్జితం వేరు, పన్ను లెక్కలో పిత్రార్జితం వేరు. యాప్ కుర్రాడు, నేను ఇద్దరం పడింది ఈ గుంటలోనే.

సరే, నా సొంతమే అయితే ఇప్పుడు నేనే ఆ ఆరు లక్షలు హెచ్‌యూఎఫ్ ఖాతాలో వేసేస్తే వడ్డీ దానిదవుతుంది కదా అన్నా, తెలివిగా. ఆయన నవ్వారు. "ఆ తెలివి 1969లోనే పట్టేశారు." ఆ ఏడాది డిసెంబరు 31 తర్వాత ఎవరైనా సొంత సొత్తు ఉమ్మడిలో కలిపితే దాని మీద వచ్చే ఆదాయం కలిపిన మనిషికే చుడతారు, 64(2) సెక్షన్. కావాలంటే దుకాణానికి అప్పుగా ఇచ్చుకోవచ్చు, పత్రం రాసుకుని, వడ్డీ తీసుకుని. ఆ వడ్డీ నా ఆదాయం. కానీ దుకాణం 44ఏడీలో ఉన్నంతకాలం ఆ వడ్డీని దుకాణం ఖర్చుగా తగ్గించరు, లాభం 6, 8 శాతం అని ముందే అనేసుకున్నాం కాబట్టి. పూర్తి లెక్కలు రాసే పద్ధతిలో ఉంటేనే ఉపయోగం. కొట్లో కూర్చుంటున్నందుకు నేను జీతం తీసుకోవచ్చా అన్నదానికీ ఇదే జవాబు. ముందే రాతపూర్వకంగా ఒప్పందం ఉండి, అది నిజమైనదై, వ్యాపార అవసరానికి తగ్గట్టు ఉంటే కర్తకిచ్చే జీతాన్ని ఖర్చు కింద ఒప్పుకుంటారని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ 44ఏడీలో అది కూడా విడిగా తగ్గదు.

44ఏడీ గురించి యాప్ వాడు చెప్పని అసలు మెలిక ఇంకోటుంది. ఒకసారి అందులోకి వెళ్లాక వచ్చే ఐదేళ్లలో ఎప్పుడైనా తక్కువ లాభం చూపించి బయటికొస్తే, ఆ తర్వాత ఐదేళ్లు మళ్లీ రానివ్వరు, ఆదాయం పన్ను పరిమితి దాటితే ఆడిట్ చేయించాలి. ఒక్క బటన్ నొక్కి మమ్మల్ని అందులో పడేశారు. ఆడిటర్ గారు కాగితం మీద లెక్క వేశారు: 6 లక్షలకీ 5 లక్షల 10 వేలకీ తేడా 90 వేలు, దాని మీద పన్ను సెస్‌తో కలిపి 4,680. "నా ఆడిట్ ఫీజు అంతకంటే ఎక్కువ, ఈ ఏడాదికి అందులోనే ఉండండి" అన్నారు. తన ఫీజు తానే పోగొట్టుకునే సలహా ఇచ్చిన ఆడిటర్‌ని నేను మొదటిసారి చూశా.

పాన్ సంగతి. కర్త పోతే హెచ్‌యూఎఫ్ పోదు, పాన్ మారదు, పోర్టల్‌లో కర్త పేరు మార్చుకోవడమే. కొత్తది తీసుకుని ఉంటే రెండు పాన్‌లు అయ్యేవి, దానికి 10,000 జరిమానా ఉంది, పైగా జీఎస్టీ నంబరు మధ్యలో ఉండేది ఈ పాన్ నంబరే, అది కూడా కదిలేది. అమ్మ కర్త కాలేదు, అమ్మ కుటుంబంలో సభ్యురాలే కానీ పుట్టుకతో హక్కున్న కోపార్సెనర్ కాదు, 1965 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది దాని మీద. అక్క? పెళ్లయినా అక్క కోపార్సెనరే. 2005 సవరణ గురించి అందరికీ తెలుసు, కానీ మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి 1985 సెప్టెంబరు 5 నుంచే ఆ హక్కు వచ్చింది, అప్పుడు మా అక్క ఐదేళ్ల పిల్ల. ఇంకా మాట్లాడితే నాకంటే పెద్దది కాబట్టి కర్త కావాల్సింది తనే. ఫోన్ చేస్తే "ఒరేయ్, నాకెందుకురా ఆ సంతకాల గోల, నువ్వే ఉండు" అంది. ఆడిటర్ గారు మాత్రం ఆ మాట కాగితం మీద రాయించి అక్క చేత, అమ్మ చేత సంతకం పెట్టించే దాకా వదల్లేదు. అందరూ ఒప్పుకుంటే చిన్నవాడు కర్తగా ఉండొచ్చు.

నాన్న పోయాక ఆయన వాటా సంగతి కూడా అడిగా. ఆస్తి హక్కు వారసులకి వెళ్తుంది, అది వేరే లెక్క, కానీ నిజంగా పంచుకుని, 171 సెక్షన్ కింద పంపకం జరిగిందని ఆఫీసరు ఆర్డరు రాసేదాకా పన్నుకి మాత్రం కుటుంబం ఉమ్మడిదే. దుకాణం ఒక్కటే పంచుకుని గోడౌన్ ఉమ్మడిగా ఉంచుకుంటాం అంటే కుదరదు, 1978 డిసెంబరు 31 తర్వాత జరిగిన పాక్షిక పంపకాలను పన్ను చట్టం గుర్తించదు. మా బాబాయికి ఇది చెబితే ఇప్పటికీ నమ్మట్లేదు.

2025 డిసెంబరు 31 దాకా రివైజ్డ్ రిటర్న్ వేసే వీలుండేది కాబట్టి నవంబరులో రెండూ సరిచేశారు. హెచ్‌యూఎఫ్‌లోంచి వడ్డీ తీసేస్తే ఆదాయం 6 లక్షలు, పన్ను 15,600. వడ్డీ నా రిటర్నులోకి వచ్చింది. నాకు సొంతంగా వచ్చేది ఒక కాలేజీలో పార్ట్ టైం క్లాసులు చెప్పిన డబ్బు, రెండు లక్షలు. (నన్ను చదివించింది దుకాణం డబ్బుతోనే కదా, అది కూడా ఉమ్మడిదేమో అని భయపడ్డా. చదువుతో వచ్చిన సంపాదన చదువుకున్నవాడిదే అని 1930లోనే చట్టం చేశారట.) రెండూ కలిపినా 2 లక్షల 42 వేలు, ఆ ఏడాదికి పన్ను లేని 3 లక్షల లోపే, పన్ను సున్నా, కోసిన 4,200 వెనక్కి. అంటే యాప్ నాకు పన్ను ఆదా చేస్తానని హెచ్‌యూఎఫ్ మీద 2,184 ఎక్కువ పన్ను పడేలా చేసి, నాకు రావాల్సిన 4,200 ఆపి, దాని మీద వడ్డీ నోటీసు కూడా తెప్పించింది. 2,499కి ఇంత సేవ.

ఇక ఆడిటర్ గారి ఐదో స్టార్ సంగతి. ఫోన్ ఎత్తరు. ఎత్తితే "కాగితాలు తీసుకుని రండి" అని పెట్టేస్తారు. తెనాలి నుంచి నాలుగు సార్లు ప్యాసింజర్ ఎక్కా, అందులో రెండు సార్లు కేవలం సంతకాలకి. వాట్సాప్‌లో పంపినవి ఆయన చూడరు, అన్నీ జిరాక్సులే. గుమాస్తా అమ్మాయి నా పుట్టిన తేదీ తప్పు కొట్టి మళ్లీ మార్చింది. ఫీజుకి రసీదు అడిగితేనే ఇచ్చారు. కొత్త చట్టం గురించి కూడా అడగబోయా, ఇక్కడ నేను రాసిన ఆదాయపు పన్ను సెక్షన్లన్నీ 1961 చట్టానివి, 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం నంబర్లు వేరు, దానికి ఆయన "ఏప్రిల్‌లో రండి" అన్నారు.

వెళ్లదలుచుకుంటే ఇలాంటి ఆఫీసులకి సెప్టెంబరులో మాత్రం వెళ్లకండి, ఆడిట్ గడువులతో ఎవరూ మొహం కూడా చూడరు. నవంబరు మొదటి వారం నాకు బాగా కలిసొచ్చింది. పంపకాల దస్తావేజు, పాత చిట్టాలు, రెండు పాన్‌లు, డిపాజిట్ ఎవరి పేరున ఉందో చూపించే బ్యాంకు కాగితం తీసుకెళ్లండి, మంచినీళ్ల సీసా కూడా, పైన ఫిల్టర్ పనిచేయట్లేదు.